పేరు కింద మాట

పోయిన వారం మనం నీలిని కంప్యూటరు ముందు, హైదరాబాదు నుంచి వచ్చిన మెయిల్ మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్న దగ్గర వదిలాం. ఆ మెయిల్ సంగతి ఒకసారి గుర్తు చేసుకుని ముందుకు పోదాం.

నీలి పనిచేసే గోదాముల కంపెనీకి జనగామలో, భూపాలపల్లిలో, గూడూరు దారిలో మూడు ఆఫీసులున్నాయి. హైదరాబాదులోని హెడ్డాఫీసు వాళ్లు మూడు వారాల కింద ఒక కొత్త నియమం పెట్టారు. ఇకమీద ఎవరు మెయిల్ పంపినా కింద పేరు, ఉద్యోగం, ఫోన్ నంబరు రాసి, తనను ఏ మాటతో చెప్పాలో కూడా రాయాలి. ఆయన, ఆమె, వారు, ఈ మూడింట్లో ఒకటి. ఆడా మగా అన్నది తెలియడానికి, ఆ రెండింట్లో ఇమడని మనుషులు 'వారు' అని ఎంచుకోవడానికి పెట్టిన నియమం అది. గూడూరు దారిలోని మిర్చి గోదాములో మాత్రం ఎవరికీ అలా అర్థం కాలేదు. ఎవరికి ఎంత మర్యాద కావాలో అడుగుతున్నారు కాబోలు అనుకున్నారు.

అందరి తరఫునా టైపు చేసింది నీలి. తన పేరు కింద 'ఆమె' అని పెట్టుకుంది. మేనేజరు మహీధర్ మూడేళ్లుగా ఆమెను 'అది' అనే అంటాడు మరి. హమాలీ మేస్త్రి కొమురయ్య భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "నాకు ఆయన అని పెట్టు బిడ్డా. ఇంట్ల మా దుర్గమ్మ ఒక్కతే నన్ను ఆయన అంటది. ముప్పై ఏండ్ల సంది బయట అందరికీ నేను వాణ్నే" అన్నాడు. మహీధర్ 'వారు' అని పెట్టించుకున్నాడు. అతని తండ్రి పటేలుగా బతికినవాడు. ఆయన వాకిట్లోకి వస్తే 'వారు వస్తుండ్రు' అని ఊరు లేచి నిలబడేదట.

సోమవారం హెడ్డాఫీసు మెయిల్ మూడు ఆఫీసులకూ వచ్చింది. తాము ఆడా కాదు, మగా కాదు అని ధైర్యంగా చెప్పుకున్న ఇద్దరు ఉద్యోగులకు అందులో అభినందనలు. ఒకరు భూపాలపల్లిలో సరుకు నాణ్యత చూసే శ్యాం. రెండోవాడు మహీధర్.

శ్యాం విషయం వేరు. వారు ఆ మాటను తెలిసి, ఎన్నో రాత్రులు ఆలోచించి ఎంచుకున్నారు. మహీధర్ ఆ మాటను తండ్రి కుర్చీలాగా లాక్కుని కూర్చున్నాడు.

ఇక బుధవారం పొద్దున.

మిర్చి కాలం కావడంతో గోదాము కప్పు దాకా బస్తాలున్నాయి. ముక్కులో ఘాటు, కళ్లలో నీళ్లు. పదిన్నరకు జీపు వచ్చి ఆగేసరికి హమాలీల్లో ఎవడో సన్న గొంతు చేసి, "వారు వచ్చిండ్రురో! జర పసుపు కుంకుమ తేండ్రి" అన్నాడు. నలుగురు నవ్వారు. జీపు దిగుతున్న మహీధర్ చెవిన పడింది. నవ్వు ఠక్కున ఆగిపోయింది గాని, ఆగిన నవ్వు వినపడిన నవ్వు కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది కదా.

అతను జీపు తలుపు విసిరికొట్టాడు. నేరుగా లోపలికి వచ్చాడు.

"బాల్‌సింగ్, అందర్నీ తీసుకొని గేటు అవతలికి పో. కొమురయ్యగాడు మాత్రం ఉండాలె."

బాల్‌సింగ్ నీలికి అన్న, అదే గోదాములో హమాలీ. చెల్లెలి వైపు చూశాడు. ఫరవాలేదన్నట్టు నీలి తల ఊపింది. అందరూ పోయాక మహీధర్ ఇనుప షట్టరు కిందికి లాగాడు. పగలే అయినా లోపల చీకటి పడినట్టయింది. పైన రేకు పగిలిన చోటి నుంచి ఒక ఎండ చార, నీలి టేబుల్ మీద కంప్యూటరు వెలుగు. అంతే.

పదకొండింటికి జనగామ ఆఫీసులో పెద్ద అధికారి అహల్య మేడం వీడియో మీటింగు పెట్టారు. నీలి అప్పటికే కలిపి ఉంచింది. తెర మూలన చిన్న గడిలో భూపాలపల్లి నుంచి శ్యాం ముందే వచ్చి కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. మహీధర్ ఆ మూలకు చూడలేదు. అతని కళ్లు నీలి మీదే ఉన్నాయి.

"ఏందే, ఎన్ని దినాల సంది ఆలోచన జేసిండ్రు నువ్వూ వీడూ కలిసి?"

"ఏం ఆలోచన సార్?"

"నన్ను తీస్కపోయి ఆ శ్యాంగాని పక్కన నిలబెట్టిండ్రు. పొద్దున మా బామ్మర్ది ఫోన్ జేసిండు. బావా, చీర ఏ రంగుది పంపాలె అంటుండు. నా ఇంట్ల నా పెండ్లాం మూతి మీద గుడ్డ పెట్టుకొని నవ్వుతుంది."

"వారు అని పెట్టుమన్నది మీరే గద సార్."

"వారు అంటే వారు! మా బాపును అన్నట్టు! ఆ మాటకు గా అర్థం ఉన్నదని నీకు ఎరికెనా లేదా?"

"నాకు తెల్వదు సార్, ఒట్టు. మెయిల్ వచ్చినంకనే తెలిసింది."

నిజంగానే తెలియదు. తండాలో వాళ్ల ఇంటి భాషలో దూరంగా ఉన్న మనిషిని చూపాలంటే 'ఊ' అనే ఒక్క మాట. నాయినకూ అదే, అమ్మకూ అదే. తెలుగు నేర్చుకునేటప్పుడు ఇన్ని మెట్లు ఎందుకో, ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తెలియక బళ్లో ఎన్నిసార్లు దెబ్బలు తిన్నదో నీలికే తెలుసు.

"టైప్ చెయ్" అన్నాడు మహీధర్. "నేను జెప్త. నేను, నీలి, కంప్యూటర్ ఆపరేటర్. మేస్త్రి కొమురయ్య మాటలు విని, కావాలని, మేనేజర్ పేరు కింద తప్పుడు మాట పెట్టిన. నా నౌకరీ తీసేసినా నాకు అభ్యంతరం లేదు. గిది హెడ్డాఫీసుకు పోవాలె. మూడు ఆఫీసులకూ పోవాలె."

నీలి వేళ్లు కదల్లేదు. ఆ ఉద్యోగం మీద ఇల్లు నడుస్తున్నది. అయినా ఆమెకు కష్టంగా తోచింది నౌకరీ మాట కాదు, మధ్యలో ఉన్న ఆ పేరు.

"కొమురయ్య కాకకు దీంతోని ఏం సంబంధం లేదు సార్."

"ఉన్నదో లేదో నేను జెప్త. ఇంకోటి. వాని పేరు కింద ఆయన అని ఉన్నది చూడు, అది తీసెయ్. వాడు అని పెట్టు. నా కండ్ల ముంగట పెట్టు."

కొమురయ్య బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. నుదుటి మీద మల్లన్న బండారి, ఆ గుడి పసుపు, పచ్చగా ఉంది. బస్తాలు గుంజే ఇనుప కొక్కెం నడుముకు చెక్కి ఉంది.

"పెట్టు బిడ్డా" అన్నాడు మెల్లగా. "ముప్పై ఏండ్లు మోసిన మాటనే. ఇంక నాలుగేండ్లు మోస్తే నడుమేం ఇరగది. నీ నౌకరీ పోవద్దు."

నీలి 'వా' అని కొట్టింది. తెర మీద ఆ అక్షరం చూసింది. చెరిపేసింది. 'ఆయన' అని మళ్లీ కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

చెంప మీద పడ్డ దెబ్బకు ఆమె కుర్చీతో సహా పక్కకు ఒరిగింది. చెవిలో హోరు. నోట్లో ఉప్పగా నెత్తురు. రెండో దెబ్బకు మహీధర్ చెయ్యి లేచింది గాని కిందికి దిగలేదు. కొమురయ్య ఆ మణికట్టును పట్టుకున్నాడు. కొట్టలేదు, నెట్టలేదు, ఊరికే పట్టుకున్నాడు. వంద కిలోల బస్తాలు మోసిన చెయ్యి అది.

"ఆడపిల్ల సార్. వద్దు."

మహీధర్ ఆ చేతిని చూశాడు, తన మణికట్టు మీద నల్లగా, గరుకుగా, మిర్చి ఎరుపు అంటుకుని ఉన్న చేతిని. అతని మొహంలో ఏదో తెగిపోయింది. ఎడమ చేత్తో కొమురయ్య నడుములోని కొక్కెం పీకి ఊపాడు. మొదటి దెబ్బ భుజంలో దిగింది. గుంజితే చొక్కాతోపాటు కండ కూడా వచ్చింది. కొమురయ్య అరవలేదు, 'హుక్' అని బస్తా ఎత్తేటప్పటి మూలుగు లాంటిది మాత్రం వచ్చింది.

"ఎవడ్రా నువ్వు? జెప్పు. ఎవడివి?"

కొమురయ్య వెనక్కి అడుగేశాడు. రెండో దెబ్బ నుదుటి మీద. బండారి మీది నుంచి నెత్తురు కారి కన్ను మూసుకుపోయింది. మూడోది తప్పి బస్తాలో దిగింది. గోనె చిరిగి, ఎండుమిర్చి జలజలా రాలింది, గింజల దుమ్ము పొగలాగా లేచింది. ముగ్గురికీ దగ్గు. ముగ్గురి కళ్లూ మండాయి. ఆ మంటలోనే మహీధర్ కొడుతూనే ఉన్నాడు.

"వాడు అను. నేను వాణ్ని అని నీ నోటితోని అను."

కొమురయ్య మోకాళ్ల మీద పడ్డాడు. తెగిన భుజంలోకి మిర్చి దుమ్ము పోయింది. అప్పుడు అరిచాడు. ఆ అరుపు నీలి తన జన్మలో మరిచిపోదు. పైవరస బస్తాలు రెండు కదిలి ఆయన కాళ్ల మీద పడ్డాయి. ఏదో విరిగిన చప్పుడు. అయినా ఆ మాట మాత్రం అనలేదు.

దేవుడిని మనం నువ్వు అంటాం. ఆయన అంటాం. ప్రేమ ముదిరితే వాడు అని కూడా పాడుకుంటాం. ఏ మాటకూ ఆయన కోపగించుకున్నట్టు ఎక్కడా వినలేదు. అన్ని మాటలూ ఒప్పుకున్న దేవుడి ముందు రోజూ దీపం పెట్టే మనకు, ఒక మనిషికి ఒక మాట ఇవ్వడానికి ఇంత కష్టం ఎందుకు వస్తుందో!

నీలి కళ్లు తెరవలేని స్థితిలో తడుముకుంటూ షట్టరు దగ్గరికి పాకింది. రెండు చేతులా పైకి లాగింది. నడుము ఎత్తు దాకా లేచి ఇరుక్కుపోయింది.

"బాల్‌సింగ్ భియ్యా! దౌడ్!"

అవతల నుంచి కాళ్ల చప్పుడు. అది విని మహీధర్ కొక్కెం వదిలేసి వెలుగు కనపడ్డ వైపు పరిగెత్తాడు. కళ్లల్లో మిర్చి. సగం లేచిన షట్టరు అంచు కనపడలేదు. ఇనుప అంచు నుదుటికి తగిలి చర్మం చీరుకుపోయింది. నెత్తురు మొహం నిండా కారుతుంటే, "నన్ను చంపుతుండ్రు! మేస్త్రిగాడు నన్ను చంపుతుండు!" అని అరుచుకుంటూ జీపు ఎక్కాడు.

బాల్‌సింగ్ పార ఎత్తుకుని జీపు వెంట పరిగెత్తబోతే నీలి అతని కాళ్లు పట్టుకుంది. "ముందుగాల కాకను చూడు భియ్యా! దవాఖానకు!"

పన్నెండున్నరకు ఆటోలో కొమురయ్యను పెద్ద దవాఖానలో చేర్చారు. రెండింటికి నీలి ఠాణాలో ఉంది.

వాంగ్మూలం రాసుకునే జమేదారు భిక్షం చెడ్డ మనిషి కాదు. మంచినీళ్లు ఇప్పించాడు, ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. అప్పటికే గంట కింద మేనేజరు నుదుటికి గుడ్డ అదుముకుని వచ్చి తన మాట చెప్పిపోయాడు. ఆ సంగతి నీలికి తెలియదు.

"భయపడకు చెల్లె. జరిగింది జరిగినట్టు జెప్పు. లోపల మేనేజరు, మేస్త్రి, నువ్వు. అంతేనా?"

"అంతే సార్."

"ముందు చెయ్యి లేపింది ఎవరు?"

"వాడే సార్!" అంది నీలి. పొద్దుటి దాకా ఆమె నోట మహీధర్ ఎప్పుడూ 'సారు'. ఇప్పుడు ఆ మాట రావడం లేదు. బతుకులో మొదటిసారి తనకన్నా పెద్ద నౌకరీ చేసే మనిషిని వాడు అంటున్నది. "ఆయన ఏమనలేదు సార్. ఆయన ఊకె నిలబడ్డడు. వాడే కొట్టిండు."

భిక్షం తల ఎత్తకుండా రాసుకున్నాడు. "దేంతోని?"

"కొక్కెంతోని."

"ఎవరిది ఆ కొక్కెం?"

"కొమురయ్య కాకదే. నడుముకు ఉంటది గద, అది పీకి కొట్టిండు. ఆయన నుదురు పలిగింది సార్, మొత్తం నెత్తురు..."

"చూసిన, చూసిన" అన్నాడు భిక్షం. గంట కింద తన ముందే కారిన నెత్తురు అతనికి గుర్తొచ్చింది. "ఎందుకు కొట్టిండు మరి?"

"పేరు కింద మాట కోసం సార్. వాడు అంటే ఒప్పుకోలేదని."

భిక్షానికి లెక్క సరిగ్గా కుదిరింది. కూలిమనిషిని వాడు అన్నారు, ఒప్పుకోలేదు, కోపమొచ్చి కొట్టాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అతను విన్న వాంగ్మూలాలన్నింట్లో మేనేజరు ఎప్పుడూ 'ఆయన', మేస్త్రి ఎప్పుడూ 'వాడు'. ఇంకోరకంగా ఉండగలదని అతనికి తోచనే లేదు.

"సదువుత, ఇను" అని గబగబా చదివాడు. "వాడు నడుముకున్న కొక్కెం పీకి ఆయనను నుదుటి మీద కొట్టినాడు. ఆయన ఏమీ అనకపోయినా వాడు కొడుతూనే ఉన్నాడు. ఇది నా కండ్లతో చూసినాను. సరేనా?"

"సరే సార్. గట్లనే జరిగింది."

అవి తన మాటలే. ఆమెకు ఏ తేడా కనపడలేదు. భిక్షం వాటికి పేర్లు చేర్చి, శుభ్రంగా ఇంకో కాగితం మీద ఎక్కించి ముందుకు జరిపాడు. నీలి కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి. అక్షరాలు అలుక్కుపోయి కనపడ్డాయి. కింద సంతకం పెట్టింది. మూడు వారాల అలవాటు కొద్దీ, సంతకం కింద 'ఆమె' అని కూడా రాసింది.

"ఇదేంది?" అన్నాడు భిక్షం.

"మా ఆఫీసుల గట్లనే రాస్తం సార్."

అతను నవ్వి కాగితం మడిచాడు.

సాయంత్రం ఐదు దాటాక నీలి దవాఖానకు వచ్చేసరికి కొమురయ్య మంచం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు. తలకు కట్టు, కాలికి సిమెంటు పట్టీ, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తెలివి లేదు. దెబ్బ తగలని చేతికి బేడీ వేసి, గొలుసును మంచం కోడుకు కట్టేశారు. రఘునాథపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన దుర్గమ్మ కింద కూర్చుని ఆ గొలుసును చేత్తో పట్టుకుని ఉంది, బరువు ఆయన చేతి మీద పడకుండా.

"అవ్వా, ఈ బేడీ ఏంది? కాకకు ఎందుకు ఏసిండ్రు?"

దుర్గమ్మ తల ఎత్తింది. ఏడవడం లేదు. ఏడ్చి అయిపోయిన మొహం అది. కొంగులోంచి మడత పెట్టిన కాగితం తీసింది.

"నాకు సదువు రాదు బిడ్డా. గీ పోలీసాయన సదివి జెప్పిండు. మా ఆయన మేనేజరు సారును కొక్కెంతోని చంపబోయిండని నువ్వే రాసిచ్చినవట గద?"

నీలి కాగితం లాక్కుంది. 'మేస్త్రి కొమురయ్య అనువాడు తన నడుమునకున్న కొక్కెముతో మేనేజరు మహీధర్ గారిని...' కింద తన సంతకం. సంతకం కింద తన చేతి రాతే, గుండ్రంగా: ఆమె.

"కాదవ్వా! నేను గట్ల జెప్పలే! ఆయన అంటే కాక, వాడు అంటే..." నీలి కాగితాన్ని కిందికి దించింది. "నేను కాకను ఆయన అన్న అవ్వా. కాక అడిగిండని, గట్లనే అన్న."

"అంటే ఏమాయె బిడ్డా" అంది దుర్గమ్మ. "ఇన్నోళ్లకు ఇంకో ఆయన కనపడ్డడు."

కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున కోర్టుకు పోతది కాయితం. మాట మారిస్తే నీ మీద ఇంకో కేసు. చూసుకో మరి."

అప్పుడే నీలి ఫోన్ చప్పుడు చేసింది. ఆఫీసు మెయిల్. భూపాలపల్లి నుంచి.

'అహల్య మేడం గారికి. పొద్దున మీటింగుకు నేను మీకన్నా ముందే చేరాను. గూడూరు గోదాములో జరిగిందంతా తెర మీద చూశాను, రికార్డు చేశాను. కొట్టింది మహీధర్. దెబ్బలు తిన్నది కొమురయ్య గారు. ఆయన చెయ్యి ఎత్తలేదు. రికార్డు పెద్దది, మెయిల్లో పోవడం లేదు. ఇప్పుడే మా టేకుమట్ల నుంచి బండి మీద ఒక్కరినే బయలుదేరుతున్నాను. రాత్రికి జనగామ వచ్చి మీ చేతికే ఇస్తాను. శ్యాం, వారు.'

నీలికి ఒక్కసారి ఊపిరి వచ్చింది. "అవ్వా, చూసిన మనిషి ఉన్నడు... ఉన్నరు అవ్వా! రికార్డు ఉన్నది!"

మళ్లీ చదివింది. ఈసారి పైనుంచి. అహల్య మేడం పేరు తర్వాత ఇంకో పేరు, దాని తర్వాత ఇంకోటి. కంగారులో శ్యాం సోమవారపు అభినందనల మెయిల్ తెరిచి, దానికే అందరికీ జవాబు కొట్టేశారు. మూడు ఆఫీసుల్లో ప్రతి ఒక్కరికీ పోయింది. వరుసలో రెండో పేరు మహీధర్.

నీలి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద, నుదుటికి కుట్లు వేయించుకుని బయటికి వచ్చిన మనిషి మెట్ల మీద ఆగి ఫోన్ చూసుకుంటున్నాడు. వేలితో పైకి జరిపి మళ్లీ చదివాడు. ఫోన్ జేబులో పెట్టాడు. పక్కనున్న ఇద్దరితో ఏదో అన్నాడు. ఒకడు జీపు వెనక తలుపు తీసి, లోపల ఉన్నది ఉందో లేదో చూసి, మళ్లీ వేశాడు. జీపు గేటు దాటి ఇంటి వైపు తిరగలేదు. నర్సంపేట రోడ్డెక్కింది. భూపాలపల్లికి పోయే దారి అది.

నీలి శ్యాం నంబరు కొట్టింది. మోగుతోంది.

"ఎవరు బిడ్డా, గట్ల చూస్తున్నవ్?" దుర్గమ్మ గొలుసు వదలకుండానే అడిగింది. "ఎవరు పోయిండ్రు?"

"వాడు..." అని ఆగిపోయింది నీలి. కానిస్టేబుళ్ల వైపు తిరిగింది. ఈసారి ఒక్కో అక్షరం విడదీసి, గది మొత్తానికి వినపడేలా చెప్పింది.

"మహీధర్. పోయింది మహీధర్. శ్యాంను చంపనీకి పోయిండు. రాసుకోండ్రి సార్, పేరుతోని రాసుకోండ్రి."

చెవి దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.